ఎండలో చూపించు

వన్ టౌన్‌లో మా మ్యాచింగ్ సెంటర్ పన్నెండడుగుల కొట్టు,
నేల నుంచి కప్పు దాకా తానులు.
చీరకి సరిపోయే జాకెట్టు గుడ్డ వెతికిపెట్టడం
ఇరవై రెండేళ్ళుగా నా పని.
ఉల్లిపొర, వక్కపొడి, పాలపిట్ట, ఏనుగు రంగు,
నెమలికంఠంలోనే పదకొండు రకాలు,
కళ్ళు మూసుకుని తీస్తాను.

అయినా ఏ ఆవిడా నా మాట నమ్మదు.
"ట్యూబులైటు కింద అన్నీ ఒకలాగే ఉంటాయి బాబూ,
ఎండలో చూపించు" అంటుంది.
కొంగూ గుడ్డముక్కా పట్టుకుని గుమ్మం దిగుతాం.
ఆటోలు హారన్లు కొడుతుంటే
ఇద్దరం తలలు వంచి
వెంట్రుకవాసి తేడా కోసం వెతుకుతాం.
నేను బొమ్మలు నేర్చుకున్న బడి అదే.

ఇంకో గురువూ ఉన్నారు, ఉన్నారనే చెప్పాలి.
సినిమా హోర్డింగులు వేసిన దస్తగిరి గారు
మూడొందలు తీసుకుని ఒక్క మధ్యాహ్నం నేర్పారు.
"నలుపు ట్యూబు కొనకు" అన్నారు.
అని, నిద్రపోయారు.
ఎందుకు కొనకూడదో తెలియడానికి
నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆదివారం తెల్లారకముందే స్కూటర్ తీస్తాను.
వెనక సీటుకి కట్టిన అట్ట, అట్ట మీద గాడా గుడ్డ,
దాని మీద సుద్దా ఫెవికాలూ రెండు పూతలు.
అంచు అరగదీసిన అట్లకాడ.
టర్పెంటైన్ దగ్గుమందు సీసాలో.
పిల్లాడికి పొరపాటున పట్టేస్తానేమోనని
మా ఆవిడ దాని మెడకి ఎర్రదారం కట్టింది.

బ్యారేజీ దాటి, సీతానగరం మెట్ల దగ్గర దిగుతాను.
గేట్లు మూసిన రోజుల్లో కిందివైపు కృష్ణ
ఇసక మధ్య మడుగులు మడుగులు,
మామిడిపిందె పచ్చ.
కొండ నీడ పడ్డచోట వంకాయ రంగు.
నలుపు కాదు. దస్తగిరి గారూ, నలుపు కాదు.

కానీ నదికి తాను లేదు.
ముక్క కత్తిరించి పక్కన పెట్టి చూడ్డానికి లేదు.
నేను రంగు కలిపి తలెత్తేసరికి
ఆవిడ చీర మార్చుకుని ఉంటుంది.

మొన్న ఆగస్టులో ఒక పొద్దున సైరన్ మోగింది.
ఎగువన వానలట, గేట్లెత్తారు.
అరగంటలో మడుగులన్నీ ఒకటైపోయాయి.
తుప్పూ బెల్లమూ కలిసిన నీళ్ళు,
నురగ ఒక్కటే గంధం రంగు.
నా అట్ట మీద పచ్చటి నది అప్పటికి సగం.
పుట్టిని ఒడ్డుకి లాగి బోర్లించిన ఏసోబు
నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.
"ఇది ఇందాకటి ఏరు కదా" అన్నాడు.
తప్పు పట్టినట్టు కాదు,
పోయినవాళ్ళ ఫోటో చూసి పేరు చెప్పినట్టు.

గీకేద్దామని అట్లకాడ తీశాను.
గీకలేదు.
తడి పచ్చ మీదే బెల్లం రంగు లాగాను.
చాలా మేర బురదయింది.
ఒక్కచోట, మూడో స్తంభం కింద, జానెడు,
నీళ్ళు కదిలాయి.
ఎలా కదిలాయో తెలీదు. మళ్ళీ చెయ్యమంటే రాదు.

నూనె రంగు వారానికి గానీ ఆరదు.
తడి బొమ్మతో బ్యారేజీ మీద తిరిగొస్తుంటే
ఒక దోమ ఆకాశానికి అంటుకుంది.
తీయలేదు.
ఆ పొద్దున అదీ అక్కడిదే.

సోమవారం పెనమలూరు నుంచి ఒక పెద్దావిడ.
పట్టుచీర పరిచి కూర్చుంది,
ఏ ముక్క చూపినా తల అడ్డంగా ఊపుతుంది.
ఉన్నట్టుండి నా బొటనవేలు పట్టుకుంది.
గోరు కింద, సబ్బుకీ కిరసనాయిలుకీ లొంగనిది
కాస్త మిగిలింది.
"ఇదిగో, ఈ రంగు. ఇందులో ముక్క ఉందా?"

నాలుగొందల తానులు మనసులో తిరగేశాను.
"లేదమ్మా" అన్నాను.

ఆవిడ మెట్లు దిగాక
గుమ్మం దాకా వెళ్ళి
వేలు ఎండలో పెట్టి చూసుకున్నాను.