కొత్త బంతి ఎవరికి

రెండు మ్యాచులే అయ్యాయి.
స్కోరు పుస్తకంలో ఇంకా తొంభై ఆరు పేజీలు తెల్లగా ఉన్నాయి.
అప్పుడే మల్కాపురం టీ బడ్డీ దగ్గర
తీర్పు చెప్పేస్తున్నారు.

"దానయ్యని దింపీండి మాస్టారూ,
ఎనిమిది ఓవర్లు, నలబై ఒక్క పరుగులు, ఒక్క వికెట్టూ నేదు.
కొత్త బంతి మా తవిటినాయుడికిచ్చి సూడండి,
మొన్న అయిదు తీసీనాడు కాదేటి!"
అన్నది పిల్లా రామునాయుడు.
తవిటినాయుడు అతని మేనల్లుడు.
ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

బెహరా మాస్టారు గ్లాసు కింద పెట్టలేదు.
ఖాళీ గ్లాసు. అయినా ఊదుకుంటున్నారు.

"నజీరు భుజం బాగుంటే ఈ గొడవే లేదు."
నజీరు అక్కడే ఉన్నాడు,
ఎడమ చేత్తో బిస్కెట్టు ముంచుకుంటూ.
పోయినేడు ముప్పై నాలుగు వికెట్ల భుజం.
పక్కగదిలో ఉన్న రోగి గురించి మాట్లాడినట్టు
దాని గురించి అతని ముందే మాట్లాడుకుంటాం.
అతను నవ్వాడు.
బిస్కెట్టు విరిగి టీలో మునిగిపోయింది.

నేను స్కోరర్ని.
పోర్టులో టాలీ క్లర్కుగా ముప్పై ఏళ్లు
ఓడలు దించిన బస్తాలు లెక్కపెట్టినవాణ్ణి.
నాలుగు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒకటి.
చిరిగిన బస్తాకి సున్నా చుట్టేవాళ్లం,
తడిసినదానికి కింద గీత.
ఈ పుస్తకంలో అలాంటి గుర్తులు లేవు.

దానయ్య ఆ రోజు
తెల్లారగట్ల మూడింటికి వేట నుంచి దిగాడు.
కానాగంతలు వేలం వేసి,
వల తాడు కోసిన చూపుడు వేలికి టేపు చుట్టుకుని,
రెండు బస్సులు మారి వచ్చాడు.
యారాడ కొండ మీంచి దిగే గాలికి ఎదురుగా
ఎనిమిది ఓవర్లు వేశాడు.
గాలి వాలు తవిటినాయుడికిచ్చారు,
అదీ రాత్రి వానకి నానిన పిచ్ మీద.
కుర్రాడు బాగానే వేశాడు, కాదనను.
కానీ నాలుగో ఓవర్లో దానయ్య బంతి
బ్యాటు అంచుని తాకి రెండుసార్లు స్లిప్పుకి వెళ్లింది.
రెండుసార్లూ
బెహరా మాస్టారి పెద్దబ్బాయి చేతుల్లో పడి, జారింది.

పుస్తకంలో అక్కడ చుక్క ఉంది. పక్కన ఇంకో చుక్క.
చుక్క అంటే ఏమీ జరగలేదని.

చెబుదామనుకున్నాను.
స్కోరరు నోరు విప్పితే పుస్తకాన్నెవరు నమ్ముతారు?
ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టి ఊరుకున్నాను.
రామునాయుడు దాని మీదే టీ గ్లాసు పెట్టాడు.

అప్పుడు పైడమ్మ, పొయ్యి దగ్గర్నించి:
"రేపట్నించి వేట నేదంట. పోర్టులో మూడో నంబరెగరేసీనారు."

అందరం ఒక్కసారి దక్షిణంగా చూశాం,
ఇక్కణ్ణుంచి జెండా కనపడదని తెలిసీ.

వేట లేకపోతే
దానయ్య మూడు రాత్రులు నిద్రపోతాడు.
ఆదివారానికి భుజం తేలికవుతుంది.
పిచ్ కూడా తడిగా ఉంటుంది, వాడికి కావలసినంత.
ఇంట్లో పొయ్యి మాత్రం...
నా లెక్క అక్కడ ఆగిపోయింది.
నజీరు ఒక్కడే నా వైపు చూసి
తల కొంచెం ఆడించాడు.

"సరే, ఆదివారం సూద్దాం" అన్నారు మాస్టారు చివరికి.
గ్లాసు కింద పెట్టారు.
నలుగురి డబ్బులూ ఆయనే ఇచ్చారు.
ఎందుకో ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి కొత్త బంతి డబ్బా తెరిచాను.
ఎర్రగా, ఎవరి చెయ్యీ పడకుండా,
కొత్త చెప్పుల వాసన.
కుట్టు మీద బొటనవేలు ఆనించి చూశాను,
ఏం తెలుస్తుందని? నేనెప్పుడూ బంతి వేసినవాణ్ణి కాను.

పెన్సిలు చెక్కాను.
కొత్త పేజీలో ఆదివారం తేదీ వేశాను.
బౌలర్ల పట్టీలో మొదటి గడి వదిలేసి
రెండో గడిలో తవిటినాయుడు అని రాశాను.
బయట గాలి తిరుగుతోంది.
కిటికీ రెక్క కొట్టుకుంటే లేచి గడియ పెట్టాను.