ఇంతేనా

ఆర్కే బీచ్‌లో, సబ్‌మెరైన్‌కి కాస్త ఎగువన,
ఇసకలో వెదురుగడలు పాతి
రోజూ సాయంత్రం నాలుగింటికి
ప్రపంచాన్ని వేలాడదీస్తాను.
తాజ్‌మహల్ ఒకటి, ఒరిగిన పీసా గోపురం ఒకటి,
గిరాకీ ఎక్కువ గనక ఈఫిల్ టవర్లు రెండు.
పూర్ణా మార్కెట్ వెనక సందులో రాయించిన గుడ్డలు.
రాసిన చేతికి ప్యారిస్ ఎటుందో తెలీదు,
అందుకే టవర్ పక్కన రెండు కొబ్బరిచెట్లు.
ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

రాయ్‌పూర్ నుంచొస్తారు, బరంపురం నుంచొస్తారు,
రైలు దిగిన బట్టల్తోనే సముద్రానికి వీపు తిప్పి
ఈఫిల్ ముందు సర్దుకుంటారు.
పెద్ద అల విరిగితే ఉలిక్కిపడతారు,
వెనకాల బస్సేదో హారన్ కొట్టినట్టు.

ఓడ దిగిన నెలల్లో మా తోడల్లుడు సన్యాసినాయుడు
నా పక్కన పీటేసుకుని కూచుంటాడు.
ఇరవయ్యేళ్ళు ఇంజన్ రూమ్‌లో ఉడికినవాడు.
"అంత లేదోయ్" అన్నది అతని ఊతపదం.
"కోపెన్‌హాగన్‌లో జలకన్య, జలకన్య అని పరిగెత్తించారు,
మా వీధి కుళాయి దిమ్మంత కూడా లేదు.
బ్రస్సెల్స్‌లో ఉచ్చపోసే గుంటడి బొమ్మ, దానికో లైను!
పొద్దున్నే జాలరిపేటకి రమ్మను,
ఉత్తినే పదిమందిని చూపిస్తాను.
ప్యారిస్‌లో ఆ నవ్వే ఆవిడ పటం అంటావా,
నేను చూసింది ముందు నిలబడ్డాయన బట్టతల."
"మరి ఫొటోలు దిగావా?" అన్నాను.
చాలాసేపు బఠాణీలు నమిలాడు.
"దిగకుండా ఎలా వస్తామోయ్."

మొన్న మాఘంలో ఒకామె వచ్చింది.
అరకు అవతల ఊరట. పేరు సొంబారి.
ముక్కుకి రెండువైపులా పుడకలు, కొత్త చెప్పులు చేతిలో.
నడుమ్మీద చేతులేసుకుని
ఈ చివర్నించి ఆ చివరిదాకా సముద్రాన్ని చూసి
"ఇంతేనా?" అంది.

మా సముద్రాన్ని నేను తిట్టుకోవచ్చు,
కొండ దిగొచ్చిన మనిషి అనేసరికి రోషమొచ్చింది.
"ఏటమ్మా, ఇంకేటి కావాల?"
నవ్వింది. "కోప్పడకు బాబూ.
మా వలిసెపూల చేలో దిగి ఫొటో తీసుకుంటే
మనిషికి ఇరవై పుచ్చుకుంటాను.
గింజకన్నా ఫొటోలే బాగా పండుతున్నాయి.
మీ వైజాగోళ్ళు కారు దిగుతూనే
ఇంతేనా, ఫోన్లో ఇంకా పసుపుగా ఉందే, అంటారు.
నాలుగేళ్ళుగా వింటన్నాను.
నేనూ ఎవరినైనా ఒక్కసారి అనాలనిపించి
బస్సెక్కాను."

తర్వాత నా రేటు అడిగింది.
కాపీ ఎనభై అన్నాను.
"గుడ్డకి ఎనభయ్యా!" అంది,
నేనేదో పంట దొంగిలించినట్టు.

అంతలో గాలి లేచింది.
భువనేశ్వర్ కొత్తజంట చేతులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.
టవర్ పొట్ట ఉబ్బి తెరచాపలా కొట్టుకుంటోంది,
ఒక గడ పట్టుకుంటే ఇంకోటి లేస్తోంది.
సొంబారి అడక్కుండానే లేచింది.
మేకని పట్టుకున్నట్టు
గుడ్డ అంచు ఒడిసిపట్టి నిలబడింది.
ఆ గంటలో ఆరు జంటలు చూసిన ప్యారిస్
ఆమె పట్టి ఆపిందే.

చీకటి పడ్డాక గుడ్డలు చుట్టాను.
హార్బర్ లైన్లో ఆగిన ఓడలు దీపాలు పెట్టుకున్నాయి.
సొంబారి చీర ఎగ్గట్టి మోకాళ్ళదాకా దిగింది,
వంగి ఒక దోసెడు నోట్లో పోసుకుంది, ఉమ్మేసింది.
ఒడ్డుకొచ్చాక ఉండబట్టలేక అడిగాను,
"ఇంతేనా?"
"ఉప్పెక్కువైంది" అంది.
కాంప్లెక్స్‌కి ఆఖరి బస్సెప్పుడో కనుక్కుని
చెప్పులు చేతిలోనే పట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత భువనేశ్వర్ పిల్ల ఫోన్ చేసింది,
వచ్చీరాని హిందీలో.
ఫొటోలో టవర్ నడుం దగ్గర
నాలుగు వేళ్ళున్నాయట. ఎవరివని.
కత్తిరించి మళ్ళీ పంపుతాననబోయి
"ఆ ఊరావిడవే" అన్నాను.