సగం

ఏప్రిల్ చివర్లో ఆ వాన మామూలుగానే పడింది.
రంగు లేదు, వాసన లేదు.
మంచు కాస్త కుంగింది, అంతే.
కొండ మీది లైకెన్, వేళ్ళు లేనిది,
ఆకాశాన్నే తాగి బతికేది,
ఉన్నదంతా తాగేసింది.

ఆకురాలు కాలంలో హెన్నింగ్ వచ్చాడు,
పసుపు పెట్టె భుజాన వేసుకుని.
కోసిన రెయిన్‌డీర్ తొడకి దాని ముక్కు ఆనించగానే
మంటలో పడ్డ బిర్చ్ బెరడులా
పెట్టె చిటపటలాడింది.
మా అమ్మమ్మ లైసా కాఫీ పోస్తూ ఆగింది.
"లోపల ఎవరు?"

అతను పొయ్యి రాళ్ళ మధ్య ఒక నల్ల పండు పెట్టాడు.
"ఇది కేంద్రకం అనుకో.
ఎలక్ట్రాన్లు అదిగో, ఆ దొడ్డి కంచెకి అవతల తిరుగుతుంటాయి.
మధ్యలో అంతా ఖాళీ."
అమ్మమ్మ నవ్వింది.
"మేం దాన్ని ఖాళీ అనం.
మేత అంటాం."

ఆ పండులో యాభై అయిదు ప్రోటాన్లు, ఎనభై రెండు న్యూట్రాన్లు.
సర్దుకోలేని మంద.
ఏదో ఒక క్షణాన ఒక న్యూట్రాను
ప్రోటానుగా మారిపోతుంది,
మారుతూ ఒక ఎలక్ట్రానుని బయటికి విసురుతుంది.
అదే బీటా. మా కాఫీ పళ్ళెం అడ్డం పెడితే ఆగుతుంది.
పేరు మారిపోయిన ఆ కేంద్రకం, బేరియం ఇప్పుడు,
ఇంకా వణుకుతూనే ఉంటుంది.
ఆ వణుకు తీరడానికి వదిలేదే గామా.
దానికి పళ్ళెం లెక్కలేదు, నా చెయ్యి లెక్కలేదు.
మందపాటి సీసమైనా పలచబరుస్తుందే తప్ప
పూర్తిగా ఆపదు.

"మరి ఆల్ఫా?" అన్నాను. నాకు పదకొండేళ్ళు.
"ఈ మాంసంలో లేదు. అది మీ కొండ రాళ్ళలో ఎప్పటినుంచో ఉంది.
రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు, బరువు నడక.
బెరడు ముక్క చాలు ఆపడానికి.
ఊపిరిలోకి మాత్రం రానివ్వకు."

ఏ పరమాణువు ఎప్పుడు పగులుతుందో అతనికి తెలీదట.
ముప్ఫై ఏళ్ళలో సగం, అది మాత్రం తెలుసట.
"తోడేలు లెక్క," అంది అమ్మమ్మ.
"ఏ పిల్లని ఎత్తుకెళ్తుందో చెప్పలేం.
చలికాలం దాటేసరికి ఎన్ని పోతాయో చెప్పగలం."

కాగితం మీద గీత మూడు వందల దగ్గర ఉంది.
మా మాంసం ఎనిమిది వేలు.
ఎవరూ తినకుండా నీలం రంగు చల్లి
గుంటలో పోశారు.
నెత్తురు, నరం, ఎముక,
దేన్నీ పారెయ్యని చేతులు
ఆ రోజు ఊరికే ఒళ్ళో పడి ఉన్నాయి.

మరుసటి ఏడు గీతని పదిహేను వందలకి జరిపారు.
అమ్మమ్మ హెన్నింగ్‌ని ఒక్కటే అడిగింది:
"గుంటలో ఉన్నవాటికి చెప్పారా?"
అతను టోపీ తీసి
చాలాసేపు దాని అంచు చూసుకున్నాడు.

ముప్ఫై దాటింది.
పెట్టె ఇప్పుడు నా భుజాన, చిన్నది, బూడిద రంగుది.
అమ్మమ్మ లేదు. సీసియంలో సగం
ఇంకా కొండ మట్టిలో ఎక్కడో ఉంది,
తొందర లేకుండా.

ఇవాళ్టి తొడ నూట తొంభై.
తినొచ్చు.
కత్తి అందుకున్నాను, పెట్టె ఆపడం మర్చిపోయి.
గుడారం గుమ్మంలో కుక్క చెవులు నిక్కించింది.
ఒక టిక్కు.
చాలాసేపటికి
ఇంకొకటి.