బాడుగకు లేదు

ఆదోనిలో, పత్తి మార్కెట్టు ఎనక సందులో
మా నాయన హుసేనప్ప పెట్టిన నాటకం డ్రస్సుల షాపు.
పన్నెండు రేకుపెట్టెలు. మూతల మీద సున్నంతో ఆయన రాత:
రాణి – పొడుగు. ముని – జడలు.
రాక్షసి – ఉంగరాలు.

ఆ మూడో పెట్టె మీద కూచోబెట్టే
మాయమ్మ నాకు తల దువ్వేది.
ఆముదం కారుతుండంగా, మెడ వంచి పట్టుకొని,
"దీనికి దువ్వెన గాదు మే, గుంటక తోలల్ల."

స్టీలు గిన్నెలకు ఎంటికలు కొనేటోడు
నా సిక్కును అరచేతిలో ఒకసారి లాగి చూసి
"సాగదు" అని తిరిగిచ్చేవాడు.
పారేయలేదు. ఉద్దిపప్పు డబ్బాలో
ముప్పై ఏండ్లు కుక్కిపెట్టినాను.

మొన్న గిడ్డయ్య సారు ఒక బొమ్మ తెచ్చినాడు.
బడి వార్షికోత్సవం, ఈజిప్టు రాణి వేషం.
"ఇట్లాంటి టోపా కడతావా, మాబున్నీ?"

రాతిలో చెక్కిన తల.
ముక్కు చూడలేదు, నగలు చూడలేదు,
నా వేళ్లు ముందే లెక్క పెట్టుకున్నాయి:
కొట్టానికి బోద కప్పినట్టు
వరస మీద వరస, అయిదు వరసలు.
చెవుల కాడ కిందికి జారి
ఎనక పొట్టిగా ఎత్తి,
మెడ గుంత బయటికి.
అంతా ఉంగరాలే.
చెక్కినోడు ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు.

"ఇది వాళ్ల తల కాదు," అన్నాడు సారు.
"దక్షిణాన నూబియా. విలుకాండ్లు, నల్లనోళ్లు,
కూలికి సిపాయిలుగా వచ్చినారు.
వాళ్ల జుట్టు చూసి రాణులు మోజుపడినారంటారు."

మరి వాళ్లను గోడల మీద ఎట్ల గీసినారు సార్?

సారు పుస్తకం మూసినాడు.
"చానా చోట్ల... చేతులు ఎనక్కు కట్టి."

కట్టడమే కదా నా పని.
ఆ మాట ఆ రాత్రి సూదికి అడ్డం పడింది.

డబ్బా తీసినా. అడుగున నలుపు, పైకొచ్చే కొద్దీ నెరుపు.
సాగదన్నవి సాగనే లేదు,
వేలికి చుట్టకముందే చుట్టుకున్నాయి.
పదకొండు రాత్రులు పట్టింది.

తొమ్మిదో తరగతి ఉరుకుందమ్మ పెట్టుకునింది.
నేను స్టేజీ ఎనక ఉన్నా, నాకు కనపడింది మెడే.
మైకు గొరగొరమంది,
రాణి ఏం చెప్పిందో ఎవరికీ వినపడలే.

ఇప్పుడది పదమూడో పెట్టె.
మూత మీద ఏం రాయల్లో ఇంకా తోచలే.
నిన్న కోసిగి నాటకమోళ్లు ఎత్తి చూసి
"రాక్షసికి సరిపోతాది, ఎంత?" అన్నారు.

బాడుగకు లేదన్నా.
అదీ లేదు, మూడో పెట్టెదీ లేదన్నా.

వాళ్లు పోయినాక
నూటాయాభై పాయనే అని
కొంచెంసేపు కూడా అనిపించింది.