ఆగస్టులో ఉప్పు పండదు

నౌపడలో ఆగస్టుకి ఉప్పు పండదు.
మడులన్నీ వాననీళ్ళ కింద,
గట్ల మీద కొంగలు.
అలాంటి రోజునే వచ్చిందట స్వరాజ్యం,
పర్లాకిమిడి చిన్నరైలు ఇంజనుకి
మామిడాకులు కట్టుకుని.

మా నానమ్మ దాలమ్మ
చేతిలో పెట్టిన బెల్లంముక్క నోట్లో వేసుకోకుండా
తిన్నగా ఉప్పు కొఠారు దగ్గరికెళ్ళింది.
"దొరలెల్లిపోనారు సరే,
తాళమెవుడికాడున్నాదర్రా?"

తాళం అక్కడే ఉంది,
నడిమధ్య కిరీటం గుర్తుతో.
జవానూ అతనే. టోపీ మారింది.

ఆ కిరీటాన్ని ఏ జీవో చెరపలేదు.
ఉప్పుగాలే
ఏడాదికింత కొరుక్కు తింది.
నాకు ఊహ తెలిసేసరికి
మశూచి మచ్చంత మిగిలింది.

నానమ్మ మాత్రం
మడి దిగి ఇంటికొచ్చే ప్రతి సాయంత్రం
కొంగుముడిలో గుప్పెడు కల్లుప్పు దాచేది.
ఎవరూ సోదా చెయ్యరే అంటే నవ్వేది.
నవ్వుతూనే, గేటు దాటేదాకా
వెనక్కి చూసేది.

ఆమె పోయిన రోజు
చీర మార్చబోతే ముడి ఊడలేదు.
చెమ్మకి బిగిసి రాయైపోయింది.
పళ్ళతో విప్పాను.
మూడు రోజులు ఏం తిన్నా ఉప్పగానే ఉంది.

ఇప్పుడు నేను కాంట్రాక్టరు కాటా పక్కన నిలబడతాను.
ఇంట్లోకి టెక్కలి కొట్లో పేకెట్టు ఉప్పు కొంటాను.
కొంగున ఏమీ లేకపోయినా
గేటు దగ్గర మెడ దానంతటదే వెనక్కి తిరుగుతుంది.

మస్టర్లో మాత్రం వేలిముద్ర వెయ్యను.
నా పేరు రాస్తాను, ఇంటిపేరుతో సహా,
గడి దాటి పక్కవాడి గడిలోకి పోయినా సరే.