నల్లగడి

సోమశిల రేవుకాడ కారు దిగి
డైరెక్టరు ముందు నీళ్లను చూసిండు, తర్వాత నన్ను.
"మీ మునిగినోడు ఇక్కడి నుంచే లేస్తాడా?"
ఎండకాలంల లేస్తడు సార్, నీళ్లు ఎనక్కి పోయినంక.
ఇప్పుడు లేవడు.
ఆయన నవ్విండు.
షూటింగు కార్తీకంల ఉన్నదట,
నీళ్లను కంప్యూటర్ల తీసేస్తరట.

కొల్లాపూర్ జిరాక్సు షాపుల అచ్చయిన బొమ్మల పుస్తకం,
పదహారు రూపాయలు, రెండు పిన్నులు.
మునిగిన ఊరి మస్కూరి వాడు.
ఖాళీ చేయుండ్రని ఇల్లిల్లు తిరిగి సాటింపేసి
ఆఖర్న తాను గట్టెక్కుడు మరిచినోడు.
కండ్ల జాగల నత్తగుల్లలు గీసిన,
కిర్రుచెప్పుల్ల ఒండ్రు.
పరిహారం పైసలల్ల ఏలు పెట్టినోని ఇంటికి
రాత్రి పోయి తలుపు కొడ్తడు,
పేరు పెట్టి పిలుస్తడు.
పలికితే చాలు,
గొంతు నిండ కృష్ణ.

"అసలు వీడు మంచోడా, చెడ్డోడా?"
తడిసినోడు సార్, అన్న.

కండ్లు కనబడకుంటే టికెట్టు తెగదన్నరు, నత్తలు పోయినయి.
సరే అన్న.
నడుము నిటారుగ ఉండాలన్నరు.
సరే.
ఎంట ఒక కుక్క ఉంటే పిల్లలు వస్తరన్నరు,
నీళ్లల్ల కుక్క ఏంది అని లోపల్నే అనుకున్న.

"ఆ గుమాస్తాను మాత్రం కాస్త పెద్దవాణ్ణి చేద్దాం.
మెడలో గొలుసు, గుమ్మం ముందు జీపు.
లేకపోతే వీడు చంపితే జనం ఒప్పుకోరు."

జీపు లేకుండె సార్.
సైకిలుండె, బెల్లు మోగకపోయేది.
సచ్చినోళ్ల పేర్లకాడ ముద్రలేసెటోడు
తన బొటనేలితోనే,
ఒక్కోదానికి ఐదు రూపాయలు.
ఇంటికొచ్చి నిమ్మదొప్పతోని రుద్దుకునేటోడు,
నీలం పోకపోయేది.
అన్నంల గా ఏలు తగలనీయకుంట
నాలుగేళ్లతోని కలుపుకునేటోడు.
గా పైసలతోనే ఒకనాడు డ్రాయింగు పుస్తకం తెచ్చిండు,
ఇరవై కాయితాలది.

ఎవలకు తెచ్చిండని డైరెక్టరు అడగలే.
నేను చెప్పలే.

నలభై ఒకటో పేజీ తెరిచి ఏలు పెట్టిండు.
ఆరు గడులు.
ఐదింట్ల ఉత్త తలుపు.
ఆరోది మొత్తం నలుపు.
"ఇందులో ఏం జరుగుతుంది?
కెమెరాకు తెలియాలి కదా."

నాకు తొమ్మిదేండ్లు.
తలుపు కొట్టింది దయ్యం కాదు, సవారమ్మ.
పెనిమిటి పేరు మీది పైసలు ఎవలు ఎత్తుకున్నరో
అడగనీకి వచ్చింది, చంటిపిల్లను ఎత్తుకొని.
మా నాయిన పేరు పెట్టి పిలిచింది,
అన్నా అని గూడ పిలిచింది.
నాయిన బుడ్డి ఊదిండు.
పలకొద్దని నా పెదవుల మీద బొటనేలు పెట్టిండు.
నిమ్మకాయ వాసన.
తెల్లారేదాక గడప అవుతల పిల్ల ఏడుపు,
ఇవుతల దగ్గును మింగుతున్న నాయిన.
నేను పలకలే.

గా దినం తెల్ల ఇంకు అయిపోయింది సార్, అన్న.
గీసింది కనబడలే, ఇడిసిపెట్టిన.

ఒక్కటే అడిగిన ఆయనను:
గొలుసు ఏసుకోండ్రి, జీపు తెచ్చుకోండ్రి,
బొటనేలు నీలంగ ఉండాలె.
"బాగుంది, వెరైటీగా ఉంది" అని ఫోన్ల రాసుకున్నడు.

పుట్టి పక్కన మేకప్పు పిల్లగాడు
గుమాస్తా ఏషగానికి రంగు పూసి చూస్తున్నడు.
మరక పడ్తదా అని భయపడ్డడు ఆ ఏషగాడు.
"లేదు సార్, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది."
తుడిచిండు.
పోయింది.