పాతదాన్ని మళ్లీ పిలిచాం

నవంబరు రాత్రి. డాన్యూబ్ మీంచి లేచిన చలి
రూసే బొమ్మలాటశాల వెనక మెట్లెక్కి
తిన్నగా నా లైట్ల గదిలోకొచ్చి కూర్చుంది.
బల్ల మీద, పక్కకి పడుకోబెట్టిన కంప్యూటరు.
పద్దెనిమిదేళ్లుగా మా కొయ్యబొమ్మలకి
తెల్లవార్చేదీ పొద్దుగుంకించేదీ ఇదే.

ఈమధ్య చంద్రుడు నత్తినత్తిగా లేస్తున్నాడు.
ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు.
మొన్న ముందువరసలో ఒక పాప అడిగేసింది:
"చందమామకి మోకాళ్ల నొప్పులా?"

అందుకే ఆదివారం సంతలో, ఆగిపోయిన గడియారాల పక్కన,
బిస్కెట్టంత ప్రాసెసర్ ఒకటి కొన్నాను.
అమ్మిన జివ్కో దాన్ని చొక్కా అంచుతో తుడిచి
"ఇందులో నాలుగు బుర్రలు,
నీ పాతదానికి రెండే" అన్నాడు.

పాతది తీస్తే ఎండిన పేస్టు
గోడసున్నంలా రాలింది.
గుర్తుకి గుర్తు కలిపి కొత్తది కూర్చోబెట్టాను.
పెసరగింజంత పేస్టు. ఫ్యాను కాళ్లు నాలుగూ టక్కుమన్నాయి.
మీట నొక్కితే
ఫ్యాన్లు తిరిగాయి. అంతే.
తెర నలుపు. బీప్ లేదు.
ఊపిరాడుతోంది గానీ ఉలుకూ పలుకూ లేదు.

"చచ్చింది" అన్నాడు నా కుర్ర సహాయకుడు ఓగ్న్యాన్.
పందొమ్మిదేళ్ల వయసులో
అన్నీ తొందరగానే చస్తాయి.

ర్యామ్ ముక్కలు ఒక్కోటీ పీకి చూశాం.
బిళ్ల బ్యాటరీ తీసి, టీ తాగి, మళ్లీ పెట్టాం.
భూతద్దంలో చూస్తే సాకెట్ నిండా పిన్నుల పొలం.
అందులో ఒకటి తల వాల్చేసి ఉంది,
గాలివానకి ఒరిగిన గోధుమకంకిలా.
కింద బొమ్మలకి బట్టలు కుట్టే స్నెజానాని కేకేశాం.
నక్క తోక సగంలో వదిలి, సూదితోనే వచ్చింది.
ఊపిరి బిగబట్టి ఒక్క తోపు.
కంకి లేచి నిలబడింది.
"ఇంకేమైనా కుట్టాలా?" అంది.

మీట. ఫ్యాన్లు. నలుపు.

రెండు దాటాక తట్టింది.
తప్పు నా చేతిది కాదు, పిన్నుది కాదు.
ఈ బోర్డు పుట్టేనాటికి ఆ ప్రాసెసర్ పుట్టనే లేదు.
గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.
తలుపు సందులోంచి చూస్తోంది ఈమె.
ముక్కూమొహం తెలియనివాళ్లకి గడియ ఎలా తీస్తుంది?
బయోస్‌కి కొత్త పాఠం చెప్పాలి.
చెప్పాలంటే బోర్డు మేలుకోవాలి.
మేలుకోవాలంటే తెలిసినవాడు వచ్చి పిలవాలి.

చెత్తబుట్టలో చెయ్యిపెట్టి, నారింజ తొక్కల కిందనుంచి
పాతదాన్ని ఏరి తెచ్చాడు ఓగ్న్యాన్.
కొత్త నీరొస్తే పాత నీరు పోతుందంటారు.
కిటికీ అవతల పారే అంత నదికి అది నిజమేమో.
ఈ పెట్టెలో మాత్రం పాత నీరు వెనక్కొచ్చి
కొత్త నీటికి కాలవ చూపించాలి.

పెట్టగానే బీప్. ఒక్కటే, పొట్టిది,
ఏం జరగనట్టు.

పెన్‌డ్రైవ్ గుచ్చాను.
"ఇప్పుడు కరెంటు పోతే బోర్డు మనకి దక్కదు."
ఓగ్న్యాన్ వెళ్లి హీటరు ప్లగ్గు పీకేశాడు.
స్నెజానా కిందకి దిగి కుట్టుమిషను ఆపి వచ్చింది.
నలభై శాతం. అరవై. అరవై దగ్గరే చాలాసేపు.
ఎవరూ తుమ్మలేదు.
వంద.

పాతది మళ్లీ బయటికొచ్చింది.
"నక్క బెల్టుకి బిళ్లగా బావుంటుంది, ఇయ్యి" అంది స్నెజానా.
ఇవ్వలేదు. అగ్గిపెట్టెలో దూది పరిచి పెట్టుకున్నాను.

కొత్తది. మీట. బీప్!
బోర్డు దాని పేరు చదివింది,
బుర్రలు నాలుగూ లెక్కపెట్టింది.
తీరా చూస్తే మా లైట్ల ప్రోగ్రాముకి
ఒక్క బుర్రతోనే పని.
నాలుగెడ్లని కట్టాం, లాగేది ఒకటే.
మిగతా మూడూ నెమరేస్తున్నాయి.
ఓగ్న్యాన్ నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారాడు.

అయినా ఖాళీ వేదిక మీద
చంద్రుణ్ని లేపి చూశాం.
నున్నగానే లేచాడు. ఒక్కచోట మాత్రం,
సగం దాటాక, కాస్త ఆగాడు.
నేను మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకోబోతే
"ఆగనీ" అంది స్నెజానా, సూదిలో దారం ఎక్కిస్తూ.
"అంత ఎత్తెక్కాక ఎవరైనా ఆగుతారు."